తాళం నాది, లోపలివీ నావే

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలో ఒక పెద్ద చీరల షోరూంలో పదకొండేళ్లుగా సేల్స్‌లో పనిచేస్తున్నాను. పట్టుచీరల కౌంటరు నాది. మీ ఉత్తరాల పేజీలో రోడ్ల గుంతల గురించి, కరెంటు బిల్లుల గురించి, వేళకు రాని బస్సుల గురించి చదువుతుంటాను. షాపుల్లో, ఆసుపత్రుల్లో, గోడౌన్లలో పనిచేసేవాళ్లం మా సామాను పెట్టుకునే లాకర్ల గురించి మాత్రం ఎవరూ రాయగా చూడలేదు. కొంచెం పొడవైన ఉత్తరం, దయచేసి చివరిదాకా చదవండి.

ఈ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు మా కౌంటర్లో ఒక పట్టుచీర లెక్కకు తగ్గింది. ట్యాగు మీద ధర 14,800 రూపాయలు. రాత్రి షట్టరు దించాక ముగ్గురం కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టాం. ఒక చీరలో ఇంకోటి ఇరుక్కుందేమోనని మడత మడతా విప్పి చూశాం. దొరకలేదు. రిజిస్టర్లో రాసి, సంతకాలు పెట్టి ఇళ్లకు చేరేసరికి పదకొండు దాటింది.

మర్నాడు పొద్దున పదకొండున్నరకు నేను గుడివాడ నుంచి వచ్చిన పెళ్లివారికి చీరలు చూపిస్తున్నాను. పెళ్లికూతురు, వాళ్లమ్మ, ఇద్దరు మేనత్తలు. పరుపు మీద ముప్ఫై చీరల దాకా విప్పి ఉన్నాయి. పక్క కౌంటరు అమ్మాయి వచ్చి నా చెవిలో, "అక్కా, పైన మన లాకర్లు పగలగొడుతున్నారు" అంది. బేరం మధ్యలో లేచి వెళ్లడం మా పనిలో కుదరదు. "ఈ రాణీ రంగు చూడండమ్మా, అంచు నిండుగా ఉంది" అని చెబుతూనే ఉన్నాను, చేతులు మాత్రం చల్లబడిపోయాయి. వాళ్లు రెండు చీరలు తీసుకుని బిల్లింగుకు దిగేసరికి నలభై నిమిషాలు పట్టింది. నేను మూడో అంతస్తుకు వెళ్లేసరికి అంతా అయిపోయింది.

మా లాకర్లు ప్యాకింగు గది పక్కన ఉంటాయి. బూడిద రంగు ఇనుప బీరువాలు, ఒక్కోదానికి పన్నెండు అరలు. ఆ గదిలోనే మేం యూనిఫాం చీర కట్టుకుంటాం. కౌంటర్లోకి ఫోను తీసుకెళ్లకూడదు కాబట్టి అదీ ఆ అరలోనే పెడతాం. చేరిన రోజున "అర మేం ఇస్తాం, తాళం ఎవరిది వాళ్లు తెచ్చుకోండి" అన్నారు. వన్‌టౌన్‌లో 160 రూపాయలు పెట్టి ఇత్తడి తాళంకప్ప కొన్నాను. రెండు చెవులూ నా దగ్గరే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. ఆ కప్ప కొక్కెం రెండు చోట్ల కట్టరుతో తెగిపోయి, బల్ల మీద ఒక పాలిథిన్ కవర్లో ఉంది. కవరు మీద నా అర నంబరు స్కెచ్ పెన్నుతో రాశారు. కోసిన చోట ఇనుము కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది.

దాని పక్కనే నా సామాను పరిచి ఉంది. టిఫిన్ డబ్బా మూత తీసి పెట్టారు. ఇంటినుంచి కట్టుకొచ్చిన చీర మడత విప్పి ఉంది. నెలసరి ప్యాడ్ల ప్యాకెట్టు చింపి ఉంది. జిప్పు కవర్లోని నా కాగితాలు ఒక్కొక్కటీ బయటికి తీసి ఉన్నాయి. ఫ్లోర్ మేనేజరు, సెక్యూరిటీ వాళ్లిద్దరు, నలుగురు ప్యాకింగు కుర్రాళ్లు బల్ల చుట్టూ నిలబడి ఉన్నారు. ఆ కుర్రాళ్లు మా అమ్మాయి ఈడువాళ్లు. వాళ్లలో ఒకడు నన్ను చూసి తల దించుకున్నాడు. ఆ ఒక్కడికైనా అనిపించింది కదా అనుకున్నాను.

షాపు లాకర్లో కాగితాలు ఎందుకు పెట్టుకున్నావని మేనేజరు కూడా అడిగారు, కాబట్టి చెబుతాను. మాది అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చినప్పుడు మా ఇంట్లో గుండెల దాకా నీళ్లు. నేనూ మా అమ్మాయీ పక్కవాళ్ల డాబా మీద తలదాచుకున్నాం. డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపిన రోజులవి. నీళ్లు తీశాక ట్రంకుపెట్టె తెరిస్తే మా అమ్మాయి టెన్త్ మార్కుల మెమో, మా ఆయన డెత్ సర్టిఫికెట్, పోస్టాఫీసు పుస్తకం, డ్వాక్రా పొదుపు పుస్తకం అన్నీ బురదలో అట్టకట్టి ఉన్నాయి. ఒక్కొక్క కాగితాన్నీ పాత దిండు గలేబు మీద పరిచి, ఫ్యాను కింద పెట్టి, చిరక్కుండా విడదీసుకున్నాను. మార్కుల మెమో మీద ఇప్పటికీ మూల నుంచి మధ్యదాకా గోధుమరంగు మరక ఉంది. అప్పుడే అనుకున్నాను, మళ్లీ నీళ్లొస్తే ఇవి ఇంట్లో ఉండకూడదని. ఈ ఊళ్లో నా పేరు మీద ఉన్న చోట్లలో అన్నిటికంటే ఎత్తైన, తడి తగలని చోటు షాపు మూడో అంతస్తులోని ఆ అరే.

కాగితాలతో పాటు ఒక చిన్న డైరీ ఉంది. వరద తర్వాత మంచం, ఫ్రిజ్జు, గ్యాసు పొయ్యి, పిల్ల కాలేజీ ఫీజు అన్నిటికీ చేసిన అప్పులు అందులో రాసుకున్నాను. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎంత తీర్చాను, వడ్డీ ఎంత. మేనేజరు ఆ డైరీ చేతిలో పట్టుకుని పేజీలు తిప్పుతూ, "ఇన్ని అప్పులున్నాయా అమ్మా మీకు?" అన్నారు. గట్టిగా అనలేదు, కోపంగానూ అనలేదు. కానీ ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ ఆ మాటకు అర్థం తెలుసు. అప్పులున్న మనిషి కాబట్టి చీర తీసి ఉండొచ్చు అని. నాకు గొంతు పెగల్లేదు. డైరీ ఇవ్వమని చెయ్యి చాపాను, అంతే.

నా సంగతి ఇంతటితో పోయింది. ఇంకో అమ్మాయి సంగతి పోలేదు. ఆ అమ్మాయి ఏ ఫ్లోరులో చేస్తుందో, వయసెంతో రాయను. తన అరలో, బట్టల కింద, కాగితంలో చుట్టి దాచుకున్న ఒక వస్తువు బయటపడింది. అదేమిటో కూడా రాయను. రాస్తే ఆ రోజు బల్ల చుట్టూ నిలబడ్డవాళ్లు చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది. చట్టవిరుద్ధమైంది కాదు, షాపుకు సంబంధించింది కాదు, ఎవరికీ హాని చేసేది కాదు. తను తప్ప ఇంకెవరికీ తెలియాల్సిన అవసరం లేనిది. సాయంత్రం టీ వేళకల్లా కింది ఫ్లోరు వాళ్లకు కూడా తెలిసిపోయింది. ఆ అమ్మాయి మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. జీతం కోత పడుతుందని మూడో రోజు వచ్చింది. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనానికి మాతో కూర్చోవడం లేదు.

చీర నాలుగో రోజున దొరికింది. ఫాల్సు, పికో వేసే సెక్షన్లో, వేరే కస్టమరు బిల్లు స్లిప్పు కట్టిన మూటలో ఉంది. రద్దీలో ఎవరో పొరపాటున రెండు చీరలు ఒకే మూటలో పంపించారు. మాకెవరూ క్షమాపణ చెప్పలేదు. కోసిన తాళాలకు డబ్బూ ఇవ్వలేదు. చీర దొరక్కపోయినా, నిజంగానే ఎవరో దొంగిలించి ఉన్నా నేను ఈ ఉత్తరం రాసేదాన్నే. మా తప్పు లేదని తేలింది కాబట్టి అడుగుతున్నానని ఎవరూ అనుకోవద్దు. ముప్ఫై ఆరు అరల్లో ఒకదాంట్లో చీర దొరికి ఉంటే మిగతా ముప్ఫై అయిదుగురి సామాను బల్ల మీద పరవడం ఒప్పయిపోతుందా?

వారం తర్వాత లాకర్ల గది తలుపు మీద ఒక కాగితం అంటించారు. "లాకర్లు సంస్థ ఆస్తి. ఎప్పుడైనా, ముందుగా చెప్పకుండా తనిఖీ చేయబడును" అని. కింద అందరి సంతకాలు తీసుకున్నారు. నేనూ పెట్టాను. పెట్టకపోతే దసరా దాకా కూడా ఉండనిచ్చేవారు కాదు. మా అమ్మాయి డిగ్రీకి ఇంకా రెండేళ్లు ఉంది.

షాపు వాళ్ల బాధ నాకు తెలియంది కాదు. దొంగతనాలు జరుగుతాయి. ఒకసారి మాతో పనిచేసిన మనిషే చీర మడతలో ఇంకో చీర పెట్టి పార్సిల్ చేయబోతూ దొరికాడు. తగ్గిన సరుకు విలువ కౌంటరు వాళ్ల జీతాల్లోంచి కోస్తారు కాబట్టి దొంగ దొరకాలని ఓనరు కంటే మాకే ఎక్కువ ఉంటుంది. రోజూ పొద్దున లోపలికి వచ్చేటప్పుడు మా దగ్గర ఎంత డబ్బుందో రిజిస్టర్లో రాస్తాం. రాత్రి వెళ్లేటప్పుడు బ్యాగు తెరిచి చూపిస్తాం, ఆడవాళ్లకు ఆడ సెక్యూరిటీ ఉంటుంది. పదకొండేళ్లలో దానిమీద నేను ఒక్క మాట అనలేదు. అది ఉద్యోగంలో చేరేటప్పుడే చెప్పారు, అందరికీ ఒకేలా చేస్తారు, నా బ్యాగు నా చేతుల్తో నేనే తెరుస్తాను. లాకర్ల విషయంలో ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

మా అక్క కొడుకు గుంటూరులో లా చదువుతున్నాడు. ఈ సంగతి చెప్పి ఏడిస్తే, "పిన్నీ, పోలీసులకైనా ఇలా చేసే అధికారం లేదు" అన్నాడు. పోలీసు దర్యాప్తులకు దారి చూపే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది కదా. దాని 103వ సెక్షన్ ప్రకారం పోలీసులు ఒక చోటును సోదా చేయాలంటే చుట్టుపక్కలవాళ్లు కనీసం ఇద్దరిని సాక్షులుగా పిలవాలి. అక్కడ ఉండే మనిషిని సోదా అయిందాకా దగ్గరుండనివ్వాలి. తీసుకున్నవాటికి జాబితా రాసి, సాక్షుల సంతకాలు పెట్టించి, ఆ మనిషికి కాపీ ఇవ్వాలి. ఆడమనిషిని సోదా చేయాల్సి వస్తే ఇంకో ఆడమనిషే, మర్యాదకు లోటు రాకుండా చేయాలి. 105వ సెక్షన్ ప్రకారం ఇదంతా వీడియో తీయాలి. హంతకుడి ఇంట్లో సోదాకైనా ఇవన్నీ పాటించాల్సిందే. పద్నాలుగు వేల జీతం తీసుకునే మా అరలకు ఒక్క కట్టరు సరిపోయింది.

బీరువా మాది, గది మాది, తెరిస్తే తప్పేముంది అనేది షాపు వాళ్ల మాట. దానికీ మావాడు ఒక కేసు చెప్పాడు, అది మన రాష్ట్రం నుంచి వెళ్లిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ను సవరించారు. దాని ప్రకారం, కలెక్టరు రాసిచ్చిన ఏ మనిషైనా బ్యాంకులోకి వెళ్లి, ఖాతాదారులు అక్కడ పెట్టిన దస్తావేజులు తిరగేసి, స్టాంపు డ్యూటీ తగ్గిందనిపిస్తే పట్టుకెళ్లొచ్చు. కెనరా బ్యాంకు దీనిమీద కోర్టుకు వెళ్లింది. 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. కాగితాన్ని బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన ఖాతాదారుకు దాని మీద గోప్యత పోదని, గోప్యత మనుషులకు సంబంధించిందే తప్ప చోట్లకు సంబంధించింది కాదని చెప్పింది. నాకు ఆ మాట బాగా పట్టింది. బ్యాంకు గోడలు బ్యాంకువే, బీరువాలూ బ్యాంకువే, అయినా లోపలి కాగితం నాదే. మరి మా షాపు బీరువాలో పెట్టిన నా డైరీ ఎవరిది?

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పుట్టస్వామి గారు ఆధార్ మీద వేసిన కేసులో వచ్చిన తీర్పది. అయితే మావాడే ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ హక్కులు ముఖ్యంగా ప్రభుత్వం మీద చెల్లుతాయి, ప్రైవేటు యజమాని మీద అంత తేలిగ్గా చెల్లవు అని. 2023 జనవరిలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పులో రాజ్యాంగంలోని 19, 21 అధికరణల హక్కులను, అంటే మాట్లాడే స్వేచ్ఛ, జీవించే హక్కు లాంటివాటిని, ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అడగొచ్చని చెప్పిందట. అడగొచ్చు, నిజమే. కానీ ఒక సేల్స్ మనిషి తెగిపోయిన తాళంకప్ప పట్టుకుని హైకోర్టు మెట్లెక్కేది ఎప్పుడు? ఒకరోజు సెలవు పెడితేనే ఆ రోజు జీతం పోతుంది.

మావాడు చెప్పిన వాటిలో నన్ను బాగా తాకింది అమెరికాలోని టెక్సాస్ కేసు. అక్కడ కే-మార్ట్ అనే పెద్ద స్టోర్లో పనిచేసే ఒకామె, ట్రాటీ అని ఆవిడ పేరు, లాకరుకు తన డబ్బుతో కొన్న తాళం వేసుకుంది. స్టోరు వాళ్లే ఒప్పుకున్నారు, తాళంచెవి ఇవ్వమని అడగలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి చూస్తే తాళం తీసి వేలాడుతోంది, లోపల పర్సులోని వస్తువులు చిందరవందరగా ఉన్నాయి. ఎవరో ఉద్యోగి వాచీ దొంగిలించారని స్టోరు వాళ్ల అనుమానమట. జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరులు, ఆవిడకు లక్షా ఎనిమిది వేల డాలర్లు ఇమ్మంది. 1984లో పై కోర్టు, గోప్యతకు భంగం అంటే ఏమిటో జ్యూరీకి సరిగ్గా చెప్పలేదని కేసును తిరిగి విచారణకు పంపింది. కానీ సొంత తాళం వేసుకోవడానికి యజమాని ఒప్పుకున్నాక ఆ లాకరు మీద, లోపలి వస్తువుల మీద ఆ మనిషి గోప్యతను ఆశించడం న్యాయమేనని కూడా చెప్పింది. ఆవిడ ఎవరో, నేనెవరో. ఆ తాళం వేలాడుతూ కనిపించిన క్షణం మాత్రం నాకు తెలుసు.

ఇక మన దగ్గర. ఫ్యాక్టరీల కోసం 1946లోనే స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చింది, 2025 నవంబరు దాకా అమల్లో ఉంది. యజమాని రాతపూర్వకంగా పెట్టి, అధికారి చేత ఆమోదింపజేసుకోవాల్సిన నిబంధనల పట్టికలో ఏ గేటు గుండా రావాలి, తనిఖీకి ఎలా లోబడాలి అనేవి కూడా ఉండేవి. అంటే తనిఖీ అనేది మేనేజరు ఆ పూట బుద్ధికి వదిలేసే విషయం కాదని అప్పుడే అనుకున్నారు. మా షాపుల వాళ్లకు వర్తించేది 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం. పని గంటలు, వారం సెలవు, జీతం, తొలగింపు గురించి అందులో ఉంది. లాకరు మాట లేదు. బెజవాడలో బీసెంట్ రోడ్డు నుంచి బందరు రోడ్డు దాకా, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట షాపుల్లో ఎన్ని వేలమందిమి ఉన్నామో లెక్కేసుకోండి.

చట్టం మార్చడం జరగని పని కాదు. పొద్దస్తమానం నిలబడే మాలాంటివాళ్లకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో తన షాపుల చట్టాన్ని సవరించింది. తమిళనాడు 2021లో సవరించింది. మన కార్మిక శాఖ కూడా లాకర్ల గురించి ఆ 1988 చట్టంలో నాలుగు వాక్యాలు చేర్చొచ్చు. లాకరు తెరవాలంటే ఆ మనిషి ఎదురుగా ఉండాలి, తన చేత్తోనే తాళం తీయాలి. ఆడవాళ్ల అరలు ఆడవాళ్లే చూడాలి, సంబంధం లేనివాళ్లు ఆ గదిలో ఉండకూడదు. ఏ వస్తువు పోయిందో దానికోసమే వెతకాలి. చీర వెతికేవాళ్లకు డైరీ పేజీలతో పనేముంది, చీర పేజీల మధ్య దాక్కుంటుందా? వేరే ఏం కనబడినా బయట చెప్పకూడదు, చెబితే చెప్పినవాళ్ల మీద చర్య ఉండాలి. నన్నడిగితే అన్నిటికంటే ముందు కావాల్సింది ఈ చివరిదే. తాళం ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ అమ్మాయి గురించి నలుగురి నోళ్లలో పడ్డ మాట వెనక్కి రాదు.

చట్టం వచ్చేలోగా షాపుల అసోసియేషన్ల పెద్దలైనా ఈ విషయం కూర్చుని మాట్లాడుకుంటే బాగుంటుంది. మా ఓనరు గారు మనిషి మంచివారే. వరదప్పుడు స్టాఫు అందరికీ బియ్యం, దుప్పట్లు ఇప్పించారు, నేనూ తీసుకున్నాను. ఆయనకు ఆ రోజు పైన ఏం జరిగిందో పూర్తిగా తెలుసని నేననుకోను. మేనేజరు చెప్పింది "లాకర్లు చెక్ చేశాం, ఏమీ దొరకలేదు" అని మాత్రమే అయి ఉంటుంది. ఏం దొరికిందో మాకు తెలుసు.

లాకర్ల గదిలో కెమెరా పెట్టాలన్న మాట కూడా ఇప్పుడు వినబడుతోంది. మేం చీర మార్చుకునే గది అది. దయచేసి ఆ ఆలోచన అక్కడే ఆపేయమని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

నా కాగితాలు మళ్లీ ఇంటికి తెచ్చేశాను. అటక మీద, రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి టేపు చుట్టాను. వాన గట్టిగా పడిన రాత్రి లేచి అటక వైపు చూస్తుంటాను.

నా పేరు, షాపు పేరు ప్రచురించవద్దని మనవి. తలుపు మీద అంటించిన కాగితం ఫొటో ప్రింటు, సంతకాలు కనబడకుండా చేసి, ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. ఇంకేమైనా అడగాలంటే రాత్రి పదిన్నర తర్వాత ఫోను చేయండి. పగలు నా ఫోను లాకర్లో ఉంటుంది.

ఇట్లు,
ఒక సేల్స్ ఉద్యోగిని,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ